జ్యోతి యర్రాజితో పోటీపడి పరిగెత్తిన ఆ జపాన్ తల్లి: అసుకా తెరాదా గురించి అడిగినవారికి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2023 జులైలో బ్యాంకాక్‌లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్ (అడ్డంకుల మీదుగా దూకుతూ పరిగెత్తే పందెం) గెలిచిన వీడియో మీరు చూశారు. రెండో స్థానంలో వచ్చిన జపాన్ ఆవిడకు అప్పటికే బడికెళ్ళే కూతురుందని, మధ్యలో ఆట పూర్తిగా మానేసి మళ్ళీ వచ్చిందని మీకెవరో చెప్పారు. అది నిజమేనా, నిజమైతే ఎలా కుదిరింది, యూనివర్సిటీ రోజుల్లో హర్డిల్స్ చేసి పెళ్ళయ్యాక వదిలేసిన మీలాంటివాళ్ళకు అందులో పనికొచ్చేది ఏమన్నా ఉందా అని అడిగారు. మీకు 27 ఏళ్ళని, పాపకు రెండేళ్ళని కూడా రాశారు.

నిజమే. ఆమె పేరు అసుకా తెరాదా. నేను 28 ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. అందులో సగానికి పైగా ఆడపిల్లలకు హర్డిల్స్ నేర్పడంలోనే గడిచింది. తెరాదా పరుగును ఆమె కాలేజీ వయసు నుంచి గమనిస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆమె గురించి ఎవరు చెప్పినా "తల్లయ్యాక కూడా పరిగెత్తింది" అని మొదలుపెడతారు. నన్ను కట్టిపడేసింది వేరే విషయం. 19 ఏళ్ళ వయసులో, ఏ బరువు బాధ్యతలూ లేని రోజుల్లో, ఆమె ఉత్తమ టైమింగ్ 13.05 సెకన్లు. ఐదేళ్ళకు పైగా ట్రాక్‌కు దూరంగా ఉండి, బిడ్డను కని, వేరే ఆట ఆడి, కాలు విరగ్గొట్టుకుని తిరిగొచ్చాక, 31 ఏళ్ళ వయసులో 12.87. అంటే ఆమె పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడంతో ఆగలేదు, మొదటిసారి అందనిదాన్ని రెండోసారి అందుకుంది. ఎలా అన్నదే మీకు పనికొచ్చే సంగతి.

మొదటి నుంచి చెప్తాను. తెరాదా 1990 జనవరిలో సప్పోరోలో పుట్టింది. అది జపాన్‌కు ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో పెద్ద నగరం. ఏడాదిలో నెలల తరబడి మంచు పేరుకుపోయి ఉండే చోటు. పరుగు పందేల పిల్లలు పుట్టే ప్రాంతం అని ఎవరూ అనుకోరు. అయినా అక్కడ ఎనివా కితా హైస్కూల్లో హిరోయుకి నకమురా అనే కోచ్ ఉండేవారు. జపాన్ మహిళల వంద మీటర్ల పరుగులో 11.21 రికార్డు నెలకొల్పిన చిసాతో ఫుకుషిమా కూడా ఆయన దగ్గర తయారైన అమ్మాయే. ఆ బృందంలోనే తెరాదా హర్డిల్స్ నేర్చుకుంది.

జపాన్‌లో హైస్కూళ్ళ జాతీయ పోటీలంటే మామూలు విషయం కాదు. పత్రికలు, టీవీ అన్నీ అక్కడే ఉంటాయి. 2005, 2006, 2007లో వరసగా మూడేళ్ళు వంద మీటర్ల హర్డిల్స్ ఆమెదే. మూడో ఏడు అయితే హర్డిల్స్‌తో పాటు మామూలు వంద మీటర్లు, రిలే కూడా గెలిచింది. ఆ తరువాత పెద్దవాళ్ళ జాతీయ చాంపియన్‌షిప్ 2008, 2009, 2010లో మళ్ళీ వరసగా మూడుసార్లు. 2009లో 13.05 పరిగెత్తి బెర్లిన్ ప్రపంచ పోటీలకు వెళ్ళింది, అదే ఏడు గ్వాంగ్‌జౌలో ఆసియా చాంపియన్‌షిప్‌లో వెండి పతకం తెచ్చుకుంది. అప్పుడు మన జ్యోతికి పదేళ్ళు. ఆ లెక్క గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

20 ఏళ్ళకే ఇంత సాధించిన పిల్ల 23 ఏళ్ళకు ఆట వదిలేసింది. వరస గాయాలు. వాటితో పాటు తిండి విషయంలో తీవ్రమైన ఇబ్బంది, బరువు గురించిన భయం. ఆ సంగతి ఆమె తరువాత దాచకుండా బయటికి చెప్పింది. 2012 లండన్ ఒలింపిక్స్ చేజారింది. 2013లో రిటైర్మెంట్ ప్రకటించింది.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది నా కళ్ళముందు ఎన్నోసార్లు జరిగింది. హర్డిల్స్ చేసే ఆడపిల్లకు 16, 17 ఏళ్ళప్పుడు ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, టైమింగ్ నెలనెలా తగ్గుతుంది. 18, 19 వచ్చేసరికి శరీరం మారుతుంది. అది ప్రకృతి. ఆ రెండు మూడేళ్ళు టైమింగ్ కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు "బరువు పెరిగావు" అంటారు. ఆ ఒక్క మాటతో పిల్ల అన్నం మానేస్తుంది, నెలసరి తప్పుతుంది, ఎముక బలం తగ్గుతుంది, షిన్ (మోకాలి కింద ముందు వైపు ఎముక) దగ్గర నొప్పి మొదలై చివరికి ఎముక చిట్లుతుంది. నా చేతికింద ఇద్దరు మంచి హర్డిలర్లు ఇలాగే ఆట మానేశారు. అందులో ఒకమ్మాయికి ఆ మాట అన్నవాణ్ణి నేనే. అప్పుడు నాకు తెలియదు. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది. అందుకే తెరాదా మొదటి కెరీర్ ముగిసిన తీరును నేను ఓటమి అనను. శరీరం నాకు విశ్రాంతి కావాలి అని చెప్పింది, ఆమె ఇచ్చింది.

మానేశాక ఆమె వాసెదా యూనివర్సిటీలో దూరవిద్య పద్ధతిలో చదువుకుంది. పెళ్ళి చేసుకుంది. 2014 ఆగస్టులో కూతురు పుట్టింది. ఆ రోజుల్లో ఆమె మళ్ళీ హర్డిల్స్ వైపు చూస్తుందని జపాన్‌లో ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు.

తరువాత వచ్చింది రగ్బీ. 2016 రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్ రగ్బీని కొత్తగా చేర్చారు. జట్టుకు ఏడుగురే, ఒక్కో సగం ఏడు నిమిషాలే, కానీ మైదానం మాత్రం పదిహేను మంది ఆడే పెద్ద రగ్బీ మైదానమే. అంత ఖాళీ స్థలంలో వేగంగా పరిగెత్తగలిగే మనిషి ఒకరు దొరికితే ఆట మలుపు తిరుగుతుంది. అందుకని అక్కడివాళ్ళు స్ప్రింటర్ల కోసం వెతుకుతూ తెరాదాను పిలిచారు. 2016లో ఆమె రగ్బీలో అడుగుపెట్టేనాటికి పాపకు రెండేళ్ళు. మీ పాప వయసే.

బంతి సరిగ్గా పట్టుకోవడం కూడా తెలియని ఆటలో, తనకంటే చిన్నవాళ్ళ మధ్య కొత్తగా చేరిన విద్యార్థిలా మొదలుపెట్టింది. జాతీయ శిక్షణ బృందం దాకా వెళ్ళింది. 2017లో మ్యాచ్‌లో కాలి ఎముక విరిగింది. కోలుకుని మళ్ళీ ఆడింది కానీ, ఒలింపిక్ జట్టులోకి చేరేంత స్థాయి తనకు రావడం కష్టమని గ్రహించింది. 2018 డిసెంబర్‌లో రగ్బీ మానేసి, హర్డిల్స్‌కు తిరిగొస్తున్నానని ప్రకటించింది. అప్పుడామెకు 28 నిండి 29 రాబోతోంది.

ఆ రెండేళ్ళ రగ్బీ వృథా అనుకుంటారు చాలామంది. నా లెక్క ప్రకారం అదే లేకపోతే 12.87 లేదు. ఎందుకో చెప్పాలంటే హర్డిల్స్ లోపలికి వెళ్ళాలి. మీరు చేసినవారే కాబట్టి తేలిగ్గానే అర్థమవుతుంది.

ఆడవాళ్ళ వంద మీటర్ల హర్డిల్స్‌లో 10 అడ్డంకులు, ఎత్తు దాదాపు 84 సెంటీమీటర్లు. మొదటిదానికి 13 మీటర్లు, తరువాత ఒక్కోదానికీ మధ్య 8.5 మీటర్లు, చివరిది దాటాక 10.5 మీటర్లు. మధ్యలో మూడు అడుగులు. ఇంచుమించు రెండు మీటర్ల ముందు నుంచి లేస్తాం, దాటాక ఒక మీటరు అవతల దిగుతాం. అంటే నేల మీద పరిగెత్తడానికి మిగిలేది ఐదున్నర మీటర్లే, మూడు అడుగులకు. ఒక్కో అడుగుకు 1.8 మీటర్లు. మంచి స్ప్రింటర్ పూర్తి వేగంలో వేసే సహజమైన అడుగు రెండు మీటర్లు దాటుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. కొత్తవాళ్ళకు ఆ 8.5 మీటర్లు అందనంత దూరం. వేగం పెరిగేకొద్దీ అదే దూరం ఇరుకైపోతుంది. ఇంకా వేగంగా పోవాలంటే అడుగు పొడుగు పెంచడానికి వీల్లేదు, అడుగు వేసే చురుకు పెంచాలి. కాలు నేలను తాకిన మరుక్షణం లేవాలి. హర్డిల్ దాటి దిగేటప్పుడు ఒళ్ళంతా ఒక కాలి మీద పడుతుంది. నడుము, తొడ వెనక కండరం, పిక్క గట్టిగా లేకపోతే అక్కడ మోకాలు కొద్దిగా కుంగుతుంది. ఆ కుంగుబాటులో ప్రతిసారీ 0.01, 0.02 సెకన్లు పోతాయి. పది హర్డిల్స్‌కు కలిపి చూసుకోండి ఎంతవుతుందో.

రగ్బీ ఆమెకు ఇచ్చింది ఈ గట్టిదనమే. ఆగి, తిరిగి, మళ్ళీ ఒక్కసారిగా పరిగెత్తడం, ఎవరైనా వచ్చి గుద్దినా నిలబడటం. 19 ఏళ్ళప్పటి వీడియో, 29 ఏళ్ళప్పటి వీడియో పక్కపక్కన పెట్టుకుని చూస్తే మొదటి చూపులోనే తేడా తెలుస్తుంది. మొదటిదాంట్లో సన్నగా, గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. రెండోదాంట్లో భుజాలు నిండుగా, దిగిన కాలు చెదరకుండా ఉంటుంది. ఒకప్పుడు ఏ బరువుకు భయపడి తిండి మానుకుందో, ఆ బరువే కండగా మారి ఆమెను ముందుకు నెట్టింది. నాలాంటి కోచ్‌లంతా చూసి నేర్చుకోవాల్సిన వీడియోలవి.

ఇంకొకటి, ఇది కొలవలేనిది. జట్టు ఆటలో నోరు మెదపకపోతే ఆట సాగదు. నాకు పాస్ కావాలి, నువ్వు ఎడమకు వెళ్ళు, నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు అని అరవాలి. ఒంటరి ఆటలో పెరిగిన పిల్లకు అది కొత్త. తిరిగొచ్చాక ఆమె కోచ్ చెప్పింది విని చేసే పాత విద్యార్థిలా లేదు. కొత్త కోచ్‌ను, చుట్టూ ఉండే నిపుణులను తానే సమకూర్చుకుని, ఏ రోజు ఏం చేయాలో వాళ్ళతో కూర్చుని మాట్లాడుకునే మనిషిగా వచ్చింది.

ఇక 2019. ఆ ఏడాది ఆమె పరుగుల పట్టిక చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. జూన్‌లో జాతీయ పోటీల్లో మూడో స్థానం. ఆగస్టు 17న ఫుకుయిలో 13.00. అది 2000లో ఇవోన్ కనజావా పెట్టిన జాతీయ రికార్డుతో సమానం. 19 ఏళ్ళుగా జపాన్‌లో ఎవరూ దాటని గీత అది. మరో రెండు వారాలకు, సెప్టెంబర్ 1న యమనాషిలో 12.97. జపాన్ మహిళల్లో 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి వ్యక్తి ఆమె. దోహా ప్రపంచ పోటీలకు కావాల్సిన అర్హత టైమింగ్ 12.98, గడువు ఇంకో ఐదు రోజులు. సెకనులో వందో వంతు తేడాతో లోపలికి వెళ్ళింది. రగ్బీ మానేసి అప్పటికి తొమ్మిది నెలలు.

2020లో కరోనా అందరినీ ఇంట్లో కూర్చోబెట్టింది. 2021 ఏప్రిల్‌లో హిరోషిమాలో 12.96, జూన్ 1న ఒసాకాలో 12.87. ఆ నెలాఖరుకు జాతీయ టైటిల్ కూడా గెలిచింది, 2010 తరువాత 11 ఏళ్ళకు. టోక్యో ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత రావాలంటే 12.84 పరిగెత్తాలి. 0.03 సెకన్లతో అది తప్పింది. అయినా ప్రపంచ ర్యాంకింగ్ పాయింట్ల దారిలో చోటు దొరికింది. ప్రేక్షకులు లేని ఆ స్టేడియంలో హీట్‌లో, అంటే మొదటి రౌండులో, 12.95 పరిగెత్తి సెమీఫైనల్‌కు చేరింది. సెమీస్‌లో 13.06తో ఆగిపోయింది. ఒలింపిక్స్‌లో ఈ పందెంలో జపాన్ అమ్మాయి సెమీఫైనల్ చేరడం 2000 సిడ్నీలో కనజావా తరువాత అదే మొదలు. లండన్ చేజారి 23 ఏళ్ళకు ఇంటికెళ్ళిన అమ్మాయి, 31 ఏళ్ళకు సొంత దేశంలో ఒలింపిక్ ట్రాక్ మీద నిలబడింది.

ఆ వెంటనే జపాన్‌లో ఇంకో సంగతి జరిగింది. 13 సెకన్ల గీత ఒకరు దాటేసరికి వెనకున్నవాళ్ళకు ధైర్యం వచ్చింది. మసుమి అఓకి, మకో ఫుకుబే, యూమి తనకా ఒక్కొక్కరే 13 లోపలికి వచ్చేశారు. 2022లో ఫుకుబే 12.73, 2024లో మళ్ళీ ఫుకుబేనే 12.69. తెరాదా రికార్డు పోయింది. కానీ 2023 జూన్‌లో ఆ చిన్నవాళ్ళందరితో పోటీపడి జాతీయ టైటిల్ మళ్ళీ గెలిచింది, 33 ఏళ్ళ వయసులో. ఆ ఫామ్‌తోనే బ్యాంకాక్ వచ్చింది.

మీరు చూసిన వీడియో దగ్గరికి వచ్చాం. జులై 13, తడిసిన ట్రాక్. జ్యోతి 13.09, తెరాదా 13.13, అఓకి 13.26. మొదటి ఇద్దరి మధ్య తేడా 0.04 సెకన్లు. ఆ వేగంలో అది మన పాత కొలతలో ఒక్క అడుగు దూరం. మన దేశం నుంచి ఆసియా చాంపియన్‌షిప్‌లో ఈ పందెం గెలిచిన తొలి మహిళ జ్యోతి. ఆ రోజు నేను ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని చూసి కళ్ళు తుడుచుకున్నాను. ఆనందం జ్యోతి కోసమే, కానీ రెండో స్థానంలో ఎవరున్నారో నాకు తెలుసు. 2009లో ఆసియా వెండి, 2023లో మళ్ళీ ఆసియా వెండి. మధ్యలో 14 ఏళ్ళు. మొదటి పతకం నాటికి విశాఖలో పదేళ్ళ పిల్లగా ఉన్న అమ్మాయి చేతిలో రెండోసారి ఓడింది. అదే ఏడు బుడాపెస్ట్ ప్రపంచ పోటీలకు కూడా వెళ్ళింది. 2025 తనకు ఆఖరి సీజన్ అని ముందే ప్రకటించి ఆటకు వీడ్కోలు చెప్పింది.

జ్యోతి గెలుపు విలువ కూడా దీనివల్లే మీకు ఇంకా బాగా తెలుస్తుంది. ఆమె ఓడించింది అలిసిపోయిన పాత క్రీడాకారిణిని కాదు, కొద్ది వారాల ముందు జపాన్ చాంపియన్ అయిన మనిషిని. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జ్యోతి 12.96తో ఆసియా టైటిల్ నిలబెట్టుకున్నప్పుడు కూడా రెండో స్థానం జపాన్‌దే, యూమి తనకా.

ఇప్పుడు మీ సంగతి. తెరాదాకు ఉన్నవన్నీ మీకుండవు. స్పాన్సర్లు, ఫిజియోలు, ఇంట్లో పాపను చూసుకునే ఏర్పాటు, ఇవి లేకుండా ఆమె కూడా రాలేకపోయేది. అది ముందే ఒప్పుకుందాం. జాతీయ స్థాయి గురించి ఇప్పుడే ఆలోచించకండి. జిల్లా, రాష్ట్ర ఓపెన్ మీట్లు ఉన్నాయి. 35 దాటాక మాస్టర్స్ పోటీలు ఉన్నాయి. మీకింకా చాలా టైం ఉంది.

కానీ ఆమె చేసిన క్రమం మాత్రం మీరు చేయొచ్చు. ఆమె ప్రసవం తరువాత నేరుగా 84 సెంటీమీటర్ల హర్డిల్ మీదికి దూకలేదు. ముందు ఒళ్ళు గట్టిపడింది, తరువాత హర్డిల్ వచ్చింది. మీరు కూడా మొదటి నాలుగు నెలలు హర్డిల్ ముట్టుకోకండి. ముందుగా ఒక గైనకాలజిస్ట్‌ను, వీలైతే ఫిజియోథెరపిస్ట్‌ను కలవండి. దూకినప్పుడో దగ్గినప్పుడో మూత్రం చుక్క పడుతుంటే సిగ్గుపడి దాచుకోవద్దు, డాక్టరుకు చెప్పండి. ప్రసవంలో సాగిన కటి కింది కండరాలు ఇంకా బలపడలేదని దానర్థం. వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది, తగ్గాకే దూకడం. నెలసరి సరిగ్గా వస్తోందో లేదో రాసిపెట్టుకోండి. అన్నం, పప్పు, గుడ్డు మానొద్దు. ఎవరన్నా మీ బరువు గురించి మాట్లాడితే వినకండి, స్క్వాట్ (భుజాల మీద బరువు పెట్టుకుని కూర్చుని లేవడం) ఎంత బరువుతో చేస్తున్నారో అది లెక్కపెట్టుకోండి.

ఆ తరువాత తక్కువ ఎత్తు హర్డిల్స్, 76 సెంటీమీటర్లవి, మధ్య దూరం ఏడున్నర ఎనిమిది మీటర్లకు తగ్గించి పెట్టండి. మూడు అడుగులు సాగదీయకుండా చురుగ్గా పడేలా చూసుకోండి. దూరం అందక సాగదీస్తే తొడ వెనక కండరం పట్టేస్తుంది, తిరిగొచ్చినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. అసలు దూరానికి రావడానికి ఏడాది పట్టినా కంగారు పడకండి. మధ్యలో మీ వీధిలో ఆడవాళ్ళు కబడ్డీయో ఖోఖోనో ఆడుతుంటే వెళ్ళి ఆడండి. ఆగడం, తిరగడం, లాగడం అన్నీ అందులో ఉన్నాయి, మీకు అదే రగ్బీ.

మీరు పాత రోజుల్లో ఏ కాలితో లీడ్ చేసేవారో (హర్డిల్ మీదుగా ముందు ఏ కాలు వెళ్ళేదో), మొదటి హర్డిల్‌కు ఎన్ని అడుగులు వేసేవారో రాయలేదు. నాలుగు నెలల తరువాత తక్కువ ఎత్తులో మొదటి మూడు హర్డిల్స్ దాటుతూ ఒక వీడియో తీయించండి. ఫోన్ పక్క నుంచి, నడుము ఎత్తులో పట్టుకోమనండి, రెండో హర్డిల్‌కు ఎదురుగా. దాటి దిగినప్పుడు మీ మోకాలు ఏం చేస్తోందో నాకు కనిపించాలి. ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.